ఒడిశా సరిహద్దు ఊళ్లలో కొట్లో పనికి చేరే కుర్రకారు: పని నేర్పడం, నిలుపుకోవడం

బరంపురంలో బట్టల కొట్టు, పర్లాకిమిడిలో ఇనుప సామాన్ల కొట్టు, రాయగడలో మోటారు విడిభాగాల షాపు, జయపురంలో బియ్యం మిల్లు నడిపే తెలుగువాళ్ల నోట ఈ మధ్య ఒకటే మాట. కుర్రాళ్లు దొరకడం లేదు, దొరికినా నిలవడం లేదు. పక్క కొట్టువాడు లాగేసుకున్నాడని చాలామంది అనుకుంటారు. అసలు పోటీ సూరత్‌తో. గంజాం నుంచి అక్కడి మరమగ్గాలకు వెళ్లే దారి పాతదే, దానికి విశాఖ, హైదరాబాద్, చెన్నై తోడయ్యాయి. అక్కడ జీతమెంతో, ఎన్ని గంటల పనో, గది అద్దె ఎంతో ముందు వెళ్లిన స్నేహితుడు ఒక్క వాయిస్ మెసేజ్‌లో చెప్పేస్తాడు. మన కొట్లో మాత్రం "ముందు చేరు, తరవాత చూద్దాం" అంటాం.

వెనకటి రోజుల్లో కొట్లో చేరిన కుర్రాడికి, సావుకారుకి మధ్య నోటితో అనని ఒప్పందం ఒకటుండేది. ఏళ్ల తరబడి నమ్మకంగా నిలబడితే సావుకారే సరుకు అరువిచ్చి వేరే వీధిలో చిన్న కొట్టు పెట్టించేవాడు, పెళ్లికి చెయ్యందించేవాడు. అందుకే తిట్టినా పడ్డారు, "చూసి నేర్చుకో" అంటే చూసి నేర్చుకున్నారు. ఇప్పుడా అరువు ఇచ్చేవాళ్లు లేరు, ఇస్తారన్న ఆశ కుర్రాళ్లకూ లేదు. మన వంతు తీసేసి వాళ్ల వంతు మాత్రం అలాగే ఉండాలంటే కుదరదు. కాబట్టి కొత్త ఒప్పందాన్ని నోటితో చెప్పాలి, కాగితం మీద పెట్టాలి. కింద ఉన్నదంతా దాన్ని ఎలా చెయ్యాలో.

వచ్చేవాళ్లు ఎవరు

ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లను తీసుకోండి. 2016లో జియో వచ్చేనాటికి వాళ్లు బడి పిల్లలు. యూపీఐ వచ్చిందీ ఆ ఏడాదే. ఏదైనా తెలియకపోతే పెద్దవాళ్లను అడిగేముందు ఫోన్‌లో చూడటం వాళ్లకు అలవాటు, అది మీమీద అగౌరవం కాదు. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. 2021లో ఒడిశాలో పదో తరగతి, ప్లస్‌టూ బోర్డు పరీక్షలు రెండూ రద్దయ్యాయి. అప్పుడు చదువుకున్న వాళ్లలో కొందరికి ఎదుటి మనిషితో బేరం మాట్లాడటం, నలుగురి ముందు ప్రశ్న అడగటం బెరుకు. దాన్ని బద్ధకమనో పొగరనో లెక్కేస్తే మొదటి వారంలోనే పోగొట్టుకుంటారు.

ఈ జిల్లాల్లో మరో సంగతి ఉంది, దీన్ని పట్టించుకునే యజమాని అరుదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది చదివింది ఒడియాలో. మాట గలగలా వస్తుంది, అక్షరం రాదు. మీరు తెలుగులో రాసి గోడకు అంటించిన సరుకు పట్టీని వాళ్లు చదవలేరు. చదవలేమని చెప్పడానికి మొహమాటపడి తలూపుతారు, సాయంత్రానికి తప్పు సరుకు బండెక్కుతుంది. చేరిన రోజే "ఏ లిపి బాగా చదువుతావు?" అని మామూలుగా అడగండి. అరల మీద ఒడియా పేరు, ఇంగ్లీషు పేరు, ఒక నంబరు పెట్టండి. అంకెలు అందరికీ ఒకటే కాబట్టి "17వ అర, 3వ వరస" అంటే ఎవరూ తడబడరు. పాత తెలుగు చిట్టాలో ఉన్న ఖాతాలకు కూడా ఇలాగే నంబర్లిచ్చి కొత్త పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. లేకపోతే ఆ లెక్క చదవగలిగేది మీరొక్కరే, ఒక్కరోజు కూడా కొట్టు వదిలి వెళ్లలేరు. వాట్సాప్‌లో పని చెప్పేటప్పుడు అర నిమిషం దాటని వాయిస్ మెసేజ్, ఒక మెసేజ్‌కు ఒకే పని. రెండు నిమిషాల మెసేజ్‌లో ఐదు పనులు చెబితే మొదటిదీ చివరిదీ జరుగుతాయి.

చేరకముందు ఒక కాగితం

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పనివాళ్లకు నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. చట్టం సంగతి అలా ఉంచినా, ఈ కాగితమే మీకు పెద్ద ఆసరా. ఒక పేజీ చాలు. కొట్టు తీసే వేళ, మూసే వేళ, మధ్యాహ్నం భోజనానికి ఎంతసేపు, వారంలో ఏ రోజు సెలవు, జీతం ఎంత, ఏ తేదీన వస్తుంది, అందులో ఏం పట్టుకుంటారు, మొదటి పెంపు ఎప్పుడు, దానికి ఏం వచ్చి ఉండాలి, పని నేర్పేది ఎవరు. ఈ చివరి రెండూ రాసే యజమానులు తక్కువ, కుర్రాళ్లు వెతికేది మాత్రం వాటినే. ఎదురుగా కూర్చోబెట్టి వాళ్లకొచ్చిన భాషలో చదివి వినిపించండి, ఒక ప్రతి చేతికివ్వండి.

"సుమారుగా", "సీజన్‌ను బట్టి" అన్న మాటలు వద్దు. దసరా ముందు పదిహేను రోజులు రాత్రి పదిదాకా ఉండాలంటే అదే రాయండి, దానికి అదనంగా ఎంతిస్తారో పక్కనే రాయండి. ముందే తెలిస్తే ఒప్పుకుంటారు, ఆ రోజు సాయంత్రం చెబితే ముఖం మాడ్చుకుంటారు.

ఆధార్‌లో వయసు చూడటం మరవకండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడం నేరం. పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిల్లులో, వెల్డింగు షెడ్డులో అయితే పద్దెనిమిది నిండనివాళ్లను అసలు తీసుకోకపోవడమే మంచిది, తెలిసినవాళ్ల అబ్బాయైనా సరే.

అమ్మాయిలను తీసుకుంటే రెండు విషయాలు ముందే తేల్చండి. లోపల గడియపడే మరుగుదొడ్డి, ఇంటికి చేరే ఆఖరి బస్సు వేళ. కాశీనగర్, గుమ్మా వైపు నుంచి పర్లాకిమిడి వచ్చే అమ్మాయి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండలేదు. ఉదయం అరగంట ముందు రమ్మని సాయంత్రం ముందే పంపేయండి. మొత్తం పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది.

నేర్పడం: ఎక్కువ మంది తప్పేది ఇక్కడే

చేరిన మొదటి రోజు చీపురిచ్చి, ఆ తరవాత మూడు నెలలు చీపురుతోనే ఉంచడం చాలా కొట్లలో ఉన్న పద్ధతి. ఊడవడం అందరూ చెయ్యాలి, వంతులేసి, యజమాని కొడుకుతో సహా. కానీ రోజుకొక చిన్న విద్య కూడా చేతికి రావాలి. బట్టల కొట్లో మొదటి వారం అరలు, తాన్ల చోట్లు, చీర మడత. రెండో వారం కొలత, కోత. కోత నేర్పేటప్పుడు పాత గుడ్డ మీద పదిసార్లు కోయించండి, తరవాత చవకైన లైనింగు మీద పెట్టండి, అప్పుడు సూటు గుడ్డ. కొత్త చెయ్యి గుడ్డను లాగి కొలుస్తుంది. వదిలాక రెండు మీటర్లు కాస్తా మీటరూ తొంభై అవుతుంది, ఆ గొడవ దర్జీ దగ్గర బయటపడుతుంది. గుడ్డను బల్లమీద వదులుగా పరిచి కొలవాలని చెబితే సరిపోదు, లాగితే ఎంత తగ్గుతుందో అతని చేతే కొలిపించి చూపాలి. మూడో వారం పెద్ద గుమాస్తా పక్కన నిలబడి బేరం వినడం, రెండో నెల బిల్లు. చీటీ మీద కొన్న ధరకు వాడే రహస్య గుర్తులు మూడో నెలలో చెప్పండి. "ఇది నీకు చెబుతున్నాం" అన్న ఒక్క మాటకు వాళ్లు ఇచ్చే విలువ చాలా ఎక్కువ.

ఇనుప కొట్లో చిక్కు వేరు. పాతవాళ్లు సూతుల్లో మాట్లాడతారు, కుర్రాళ్లు బడిలో మిల్లీమీటర్లు నేర్చుకున్నారు. ఎనిమిది సూతులు ఒక అంగుళం, అంటే సూతు 3 మిల్లీమీటర్ల పైచిలుకు. నాలుగు సూతులు అరంగుళం, 12.7 మిల్లీమీటర్లు. ఈ పట్టీ గల్లాపెట్టె పక్కన అంటించండి. పైపుల దగ్గర ఇంకో మెలిక ఉంది. అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపును బయటి నుంచి కొలిస్తే 21 మిల్లీమీటర్లు దాటుతుంది. టేపు పట్టిన కుర్రాడు అది ముప్పావు అంగుళం పైపనుకుని ముప్పావు సాకెట్ ఇస్తాడు, ప్లంబరు తిరిగొచ్చి అరుస్తాడు. పైపు పేరు బయటి కొలతను బట్టి రాలేదని ముందే చెప్పి ఉంటే ఆ తప్పు జరగదు. కుర్రాడి తప్పుగా కనిపించేవాటిలో చాలా వరకు మనం చెప్పకుండా వదిలేసినవే.

మిల్లులో "తేమ చూడు" అని మీటరు చేతికిచ్చి వదలకండి. ధాన్యం తేమ 17 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలులో తిరగ్గొడతారు, బియ్యానికి ఆ హద్దు 14 శాతం అని కారణంతో సహా చెప్పండి. బస్తా పైనుంచి ఒక్క గుప్పెడు కాకుండా పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల నుంచి తియ్యాలి. అంకె వెనక కారణం తెలిసినవాడు మీరు లేనప్పుడు కూడా సరిగ్గా చూస్తాడు. తిరిగే బెల్టుల దగ్గర మెడలో తువ్వాలు, వదులు చొక్కా ఉండకూడదన్న సంగతికి మాత్రం వివరణ కోసం ఆగనక్కర్లేదు, మొదటి నిమిషంలోనే చెప్పాలి.

ఏ పనికైనా క్రమం ఒకటే. మీరు ఒకసారి చేసి చూపండి. రెండోసారి ఏం చేస్తున్నారో చెబుతూ చెయ్యండి. మూడోసారి అతను చెబుతూ ఉంటే మీరు చెయ్యండి. నాలుగోసారి అతను చెయ్యాలి, మీరు నోరు మెదపకూడదు. ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగి "చూపించాను కదా" అంటారు.

ఇక పెద్ద గుమాస్తా. నిజానికి కుర్రాళ్లు వెళ్లిపోవడానికి జీతం కన్నా ఈయనే పెద్ద కారణం, యజమానికి అది కనిపించదు. పాతికేళ్లుగా ఉన్న గుమాస్తాకు ఒక భయం. ఈ కుర్రాడికి అంతా నేర్పేస్తే రేపు నేనెందుకు? అందుకే అడిగితే విసుక్కుంటాడు, కీలకమైన చోట కుర్రాడిని టీకి పంపిస్తాడు. ఆయన్ను తిట్టి లాభం లేదు. నేర్పడం ఆయన ఉద్యోగంలో భాగమని ప్రకటించి దానికి డబ్బు ఇవ్వండి. ఒక్కో కుర్రాడు బిల్లు, కొలత, సరుకు లెక్క మూడూ తప్పు లేకుండా చేసి చూపిన నెల ఆయనకు వెయ్యి రూపాయలు అని పెట్టండి. కుర్రాడి ముందే "నీకు నేర్పేది వీరు, నువ్వు బాగా చేస్తే ఆ పేరు వీరిదే" అనండి. నేర్పేది ఒక్కరే ఉండాలి. గుమాస్తా ఒకలా, మీ తమ్ముడు ఒకలా, మీ అబ్బాయి ఇంకోలా చెబితే కొత్తవాళ్లు ఎవరికీ కోపం రాకుండా ఉండేదే చేస్తారు, అంటే ఏమీ చెయ్యరు.

మాట

"ఒరే" అని పిలవడం ఈ ప్రాంతంలో ప్రేమే. ఇంట్లో అలాగే పిలుస్తాం. కానీ ఖాతాదారు ముందు, ముఖ్యంగా అతని ఈడు అమ్మాయిలు చీరలు చూస్తున్నప్పుడు, "ఒరే గుంటా, ఇటు రా" అంటే అది ప్రేమగా వినబడదు. కొట్లో పేరు పెట్టి పిలవండి, లేదా "బాబూ", "అమ్మా" అనండి. ఒడియా కుర్రాడైతే పేరు పక్కన భాయ్ చేర్చండి. అందరికీ ఒకే మర్యాద ఉండాలి. తెలుగు కుర్రాడికి మన అని చనువు, సవర కుర్రాడికి అదిలింపు అయితే వాళ్లిద్దరి మధ్య కూడా పని చెడుతుంది.

తప్పు జరిగితే ఖాతాదారు వెళ్లాక, ఆ రోజే, పక్కకు పిలిచి చెప్పండి. ఏం జరిగింది, దానివల్ల ఏం పోయింది, ఈసారి ఎలా చెయ్యాలి. ఈ మూడే. పోయిన నెల తప్పులు తవ్వకండి. "మా రోజుల్లో" అన్న మాట మొదలవగానే ఎదుటివాళ్లు వినడం ఆపేస్తారు. ఇంకా ముఖ్యమైంది, తండ్రికో మేనమామకో ఫిర్యాదు చెయ్యకండి. తెలిసినవాళ్ల ద్వారా చేరాడు కాబట్టి అలా చెయ్యడం సహజంగా అనిపిస్తుంది. కానీ ఇరవై ఏళ్ల వ్యక్తి గురించి ఇంటికి చెబితే, ఆ ఇంట్లో ఆ రాత్రి జరిగేదానికి మీరే కారణం. మర్నాడు పనిలోకి వచ్చినా మనసుతో రాడు.

మెచ్చుకోలు కూడా వివరంగా ఉండాలి. "బాగా చేశావు" కన్నా "నిన్న ఆవిడ మూడు చీరలు వద్దన్నాక కూడా విసుక్కోకుండా నాలుగోది తీశావు, అందుకే కొన్నది" అంటే ఏది మళ్లీ చెయ్యాలో తెలుస్తుంది. అబద్ధపు పొగడ్త వాళ్లకు ఇట్టే దొరికిపోతుంది.

ఫోన్

పూర్తిగా నిషేధిస్తే మరుగుదొడ్డిలో చూస్తారు, గోదాములో చూస్తారు. అదీ కాక ఖాతాదారుకు ఫొటో పంపాలన్నా, చెల్లింపు సరిచూడాలన్నా మనకే ఫోన్ కావాలి. పనికొచ్చే నియమం ఇది. కౌంటరు దగ్గర ఉన్నంతసేపు సొంత ఫోన్లు ఒక డ్రాయరులో, మధ్యలో పది నిమిషాలేసి మూడు విరామాలు, ఇంటివాళ్లు అత్యవసరానికి చెయ్యడానికి కొట్టు నంబరు. మీ ఫోన్ కూడా అదే డ్రాయరులోకి వెళ్లాలి. మీరు గల్లా దగ్గర రీల్స్ చూస్తూ వాళ్లను అంటే నియమం ఆ రోజే చచ్చిపోతుంది.

కొట్టు పనికి కొట్టు ఫోన్, కొట్టు సిమ్. వాట్సాప్ బిజినెస్‌లో సరుకు ఫొటోలు పెట్టడం, గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు వేళలు సరిచేయడం కుర్రాళ్లు మనకన్నా వేగంగా చేస్తారు, ఇష్టంగా కూడా. దానికి రోజూ మధ్యాహ్నం రద్దీ లేని గంట కేటాయించండి, రాత్రి ఇంటికెళ్లి చెయ్యమనకండి. సొంత నంబరుతో చేయిస్తే అతను మానేసిన రోజు మీ ఖాతాదారుల జాబితా కూడా అతనితో వెళుతుంది, డేటా ఖర్చు తనమీద వేశారన్న కష్టం వేరు. ఫోన్ చెల్లింపుల్లో నేర్పాల్సింది ఒక్కటే. ఖాతాదారు చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకూడదు. స్పీకరు డబ్బా పలకాలి, లేదా మన ఖాతాలో పడ్డట్టు కనబడాలి, అప్పుడే సరుకు కదలాలి. ఒకవేళ మోసపోతే ఆ డబ్బు కుర్రాడి జీతంలో కోయకండి. కోస్తే రెండోసారి మోసం జరిగినప్పుడు మీకు చెప్పడు.

జీతం

తేదీ ముఖ్యం. 7వ తేదీ లోపు, ప్రతి నెలా, అడగకుండా. ఒడిశా ప్రభుత్వ కనీస వేతనాలు నైపుణ్యాన్ని బట్టి నాలుగు తరగతులుగా ఉంటాయి. కరువు భత్యం కలిసి మారుతూ ఉంటాయి కాబట్టి పోయిన ఏడాది అంకెతో నడపకండి.

జీతంలో పట్టుకునేవాటిని అంకెలతో విడమరచండి. లెక్క కోసం జీతం 14,000 అనుకుందాం. పదిమంది, అంతకు మించి ఉన్న కొట్లో జీతం 21,000 లోపు వాళ్లకు ఈఎస్‌ఐ, అంటే వైద్య బీమా, ఉంటుంది. కుర్రాడి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. మీ వాటా 3.25 శాతం, 455. ఇరవై మంది ఉంటే పీఎఫ్, అతని నుంచి 12 శాతం, 1,680. చేతికొచ్చేది 12,215. ఇది చూసి "సూరత్‌లో చెప్పిందంతా చేతికిస్తారు" అంటాడు. అప్పుడు అతని ఫోన్‌లోనే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరుతో పాస్‌బుక్ తెరిచి, అతని 1,680 పక్కన మీరు వేసింది చూపండి. కళ్లతో చూశాక ఆ గొడవ ఉండదు. అయితే పట్టుకున్న డబ్బు నెలనెలా నిజంగా కట్టి ఉండాలి.

వెళ్లిపోకుండా ఉండాలని ఒక నెల జీతం ఆపి ఉంచడం పాత అలవాటు. అది ఎవరినీ ఆపదు. ఆపిన జీతం వదులుకుని వెళ్లినవాడు బస్టాండులో పదిమందికి చెబుతాడు, తరవాత మీ కొట్టుకు ఎవరూ రారు. అడ్వాన్సు కూడా నెల జీతానికి మించి ఇవ్వకండి. తీర్చలేనంత బాకీ పడ్డవాడు ఏదో ఒక రాత్రి రైలెక్కుతాడు.

పెంపును ఏడాదికోసారి ఉగాదికి అని కాక, మొదటి ఏడాది మెట్లుగా పెట్టండి. బిల్లు తప్పు లేకుండా వచ్చినప్పుడు 500, సరుకు లెక్క ఒక్కడే పట్టినప్పుడు మరో 500. మొత్తం మీద మీకు ఖర్చు పెద్దగా పెరగదు, అతనికి మాత్రం తన మెట్టు తనకు కనిపిస్తుంది.

సెలవులు, పరీక్షలు

ఇక్కడ రెండు క్యాలెండర్లు నడుస్తాయి. సంక్రాంతికి తెలుగు పిల్లలు శ్రీకాకుళం వైపు బంధువుల ఇళ్లకు వెళతారు, జూన్ నడుమ రజో పండగ మూడు రోజులు ఒడియా పిల్లలు ఊళ్లో ఉండాలి. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర అందరిదీ. ఏడాది మొదట్లోనే గోడ మీద పట్టీ వేసి, ఒకరి పండక్కి మరొకరు నిలబడేలా వాళ్లనే రాసుకోమనండి. మీరు పంచితే పక్షపాతం అంటారు, వాళ్లు పంచుకుంటే మాట నిలబెట్టుకుంటారు.

డిగ్రీ, ఐటీఐ చదివినవాళ్లు రైల్వే, పోలీసు, అగ్నివీర్ పరీక్షలు రాస్తూనే ఉంటారు. దాన్ని నమ్మకద్రోహంగా చూడకండి. సెలవివ్వకపోతే జ్వరమని అబద్ధం చెప్పి వెళతారు, మీకు ఆ ఉదయమే తెలుస్తుంది. అడ్మిట్ కార్డు వచ్చిన రోజే చూపిస్తే పరీక్ష రోజు, ప్రయాణానికి ఒక రోజు ఇస్తామని కాగితంలోనే రాయండి. భువనేశ్వర్‌లో పరీక్ష ఉంటే ఆ రెండు రోజులూ నిజంగా కావాలి. ఉద్యోగం వస్తే వెళతాడు. రాకపోతే, దాచకుండా రాయనిచ్చిన చోటే ఉంటాడు.

కుర్రాళ్లను వెతికే చోటు కూడా మార్చి చూడండి. ఐటీఐల నుంచి అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థకు అది తప్పనిసరి, 4 నుంచి 29 మంది ఉంటే ఇష్టాన్ని బట్టి. జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద ప్రభుత్వం స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 మించకుండా భరిస్తుంది. అప్రెంటిస్‌ను చవక కూలీగా వాడుకుంటే ఆ ఐటీఐ నుంచి మరొకరు రారు.

నెలకోసారి పావుగంట

జీతమిచ్చిన మర్నాడు ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి, కొట్లో కాదు, బయట టీ దగ్గర. అడిగేవి మూడే. ఈ నెల ఏం నేర్చుకున్నావు? ఏ పని విసుగ్గా ఉంది? వచ్చే నెల ఏం నేర్చుకోవాలనుంది? మొదటి రెండు నెలలూ "అంతా బాగుందండి" అనే వస్తుంది. మూడో నెలలో అసలు మాట బయటికొస్తుంది, తరచూ అది చిన్నదే. భోజనం వేళకు ఎప్పుడూ గోదాముకు పంపుతున్నారనో, బండి పెట్రోలు తనే పోసుకుంటున్నాననో. విన్నదాంట్లో ఒక్కటైనా వారంలో సరిచేయండి. చేయలేనిది చేయలేనని చెప్పండి. అడిగి ఏమీ చెయ్యకపోవడం అడగకపోవడం కన్నా చేటు.

ఇంత చేసినా కొందరు వెళతారు. పదిహేను రోజుల ముందు చెప్పాలని కాగితంలో ఉండాలి. చెప్పినవాడిని ఆ రోజు నుంచీ దొంగలా చూడకూడదు. లెక్క రెండు పనిదినాల్లో తేల్చేయండి, రాగల పనులన్నీ పేరుపేరునా రాసి అనుభవ పత్రం ఇవ్వండి, పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ నమోదు చేయండి. అది చెయ్యకపోతే అతని డబ్బు చిక్కుకుపోతుంది. సూరత్ వేడికి, గది ఇరుకుకు తట్టుకోలేక ఏడాది తరవాత తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. అలా వచ్చినవాళ్లను కొత్తవాళ్ల జీతంతో మొదలుపెట్టకండి. వెళ్లేనాటి జీతం, అప్పటి నుంచి జరిగిన పెంపు కలిపి ఇవ్వండి, పాత మెట్టు నుంచే పని మొదలుపెట్టించండి.